ఇటలీలో మొదటి స్కీ ట్రిప్: ఫ్లైట్ టికెట్ల కంటే ముందు చూసుకోవలసినవి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇదీ: హైదరాబాద్ నుంచి మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు, మొత్తం ఐదుగురు. ఎవరూ ఇంతవరకు కాళ్ళకు స్కీలు తొడిగినవాళ్ళు కాదు. డిసెంబరు ఆఖరి వారంలో ఐదు రోజులు కోర్తీనా అనే స్కీ ఊళ్ళో ఉండి, మధ్యలో ఒకరోజు రీల్స్‌లో చూసిన సెల్లారోండా అనే స్కీ దారి చుట్టి రావాలని ఉంది. గుడ్డు కూడా తినని శాకాహారులు. ఖర్చెంత అవుతుంది, ఆఫర్ ఉంది కాబట్టి ఫ్లైట్ టికెట్లు ఇవాళే కొనెయ్యవచ్చా అని అడిగారు.

టికెట్లు ఇవాళ కొనకండి. ట్రిప్ మాత్రం మానుకోకండి. నా సలహా ఇది: కోర్తీనాకు బదులు ఆల్పే ది స్యూసీ అనే కొండమీది మైదానం కింద ఉన్న స్యూసీ ఊరు, క్రిస్మస్ వారానికి బదులు సంక్రాంతి సెలవులు, ఐదు రోజులకు బదులు శనివారం నుంచి శనివారం దాకా ఏడు రాత్రులు. సెల్లారోండా ఈసారికి వదిలెయ్యండి. బుక్ చేసే వరస కూడా తిరగెయ్యాలి. ముందు స్కీ స్కూలు, ఆ స్కూలుకు దగ్గర్లో హోటలు, ఆ తర్వాతే ఫ్లైట్లు, వీసా.

నా గురించి ఒక ముక్క. మాది సామర్లకోట. పదిహేనేళ్ళుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. ముప్పై మూడో ఏట స్కీయింగ్ నేర్చుకున్నాను, అదీ ఐదేళ్ళ పిల్లల పక్కన నిలబడి. అప్పటినుంచి ప్రతి జనవరిలో ఉత్తర ఇటలీలోని కొండల వరస డోలమైట్స్‌కు వెళ్తున్నాను. ఇక్కడివాళ్ళు, ఇండియా నుంచి వచ్చినవాళ్ళు కలిపి ఏడెనిమిది తెలుగు కుటుంబాలకు మొదటి ట్రిప్ నేనే కుదిర్చి పెట్టాను. కింద రాసేదంతా ఆ ట్రిప్పుల్లో బెడిసికొట్టినవాటి నుంచి నేర్చుకున్నదే.

స్కూలు ముందు ఎందుకంటే

కొత్తవాళ్ళకు స్కీ ట్రిప్ అంటే నిజానికి బడికి వెళ్ళే వారం. మొదటి రెండు రోజులు మీరు కొండ ఎక్కరు. మన కాలనీ పార్కు అంత వాలు మీద, నేలకు అంటుకుని మెల్లగా కదిలే రబ్బరు పట్టా ఎక్కి పైకి, జారుతూ కిందికి. అంతే. స్కీల ముందు కొసలు దగ్గరకు, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం నేర్పుతారు. పిల్లలకు "పిజ్జా ముక్కలా పెట్టు" అని చెప్తారు. పెద్దవాళ్ళకూ అదే చెప్పాలి కానీ మనకు నామోషీ.

గ్రూపు క్లాసులు సాధారణంగా ఆదివారం గానీ సోమవారం గానీ మొదలై వారమంతా నడుస్తాయి. బుధవారం వచ్చి "మేం కొత్తవాళ్ళం" అంటే అప్పటికే ఆ గ్రూపు ఆగడం, తిరగడం నేర్చేసుకుని ఉంటుంది. మా బాబాయి కొడుకు విజయవాడ నుంచి చవక టికెట్ దొరికిందని మంగళవారం రాత్రి దిగాడు. గ్రూపులో చేర్చుకోలేదు. విడిగా మాస్టారిని పెట్టుకుంటే గంటకు డెబ్భై యూరోల దాకా అయింది. టికెట్లో మిగిలింది రెండు పూటల్లో పోయింది. మూడోరోజు నుంచి వాడు హోటల్ గదిలో క్రికెట్ చూశాడు.

అందుకే ముందు స్కూలుకు మెయిల్ రాయండి. మూడే ప్రశ్నలు. కొత్తవాళ్ళ గ్రూపు ఏ రోజు మొదలవుతుంది? క్లాసు సరిగ్గా ఎక్కడ, కింద ఊళ్ళోనా, పైన గొండోలా (తీగల మీద కొండెక్కే క్యాబిన్) దిగిన చోటా? ఆరేళ్ళ పిల్లల గ్రూపులో ఇంగ్లీషు మాట్లాడే మాస్టారు ఉన్నారా? మూడోది చాలామంది అడగరు. ఆ ప్రాంతంలో పిల్లల క్లాసులు ఎక్కువగా జర్మన్‌లోనో ఇటాలియన్‌లోనో నడుస్తాయి. మీ పాప చూసి నేర్చేసుకుంటుంది గానీ, భాష తెలియని గుంపులో ఆరేళ్ళ బాబు మొదటిరోజు ఏడుపు మొదలుపెడితే మీ వారం కూడా అక్కడితో ఆగిపోతుంది.

కోర్తీనా ఎందుకు వద్దన్నానంటే

ఊరు అందమైనదే. 1956లో ఒకసారి, మళ్ళీ 2026లో మిలాన్‌తో కలిసి, రెండుసార్లు వింటర్ ఒలింపిక్స్ చూసిన ఊరు. ఆ పేరే మీకు ఖర్చు. పైగా ఊరికి రైలు లేదు. దగ్గరి స్టేషన్ కలాల్త్సో, అక్కడ దిగి ముప్పై కిలోమీటర్ల పైన బస్సు. స్కీ వాలులు ఊరి చుట్టూ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఇద్దరు పిల్లలు, నాలుగు జతల బూట్లు మోసుకుంటూ రోజూ బస్సెక్కాలి. స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ళకు ఇది లెక్కలోకి రాదు. మీకు వస్తుంది.

చెర్వీనియా అనే ఇంకో స్కీ ఊరి గురించి కూడా చూశానన్నారు. రెండు వేల మీటర్ల పైన ఉంటుంది, మంచు గ్యారంటీ, అవతలివైపు స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు స్కీల మీదే దాటొచ్చు. కానీ గాలి వేసిన రోజున జనాన్ని కొండ పైకి చేర్చే లిఫ్టులు ఆపేస్తారు, ఊళ్ళో స్కీయింగ్ తప్ప చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండదు. మీ అమ్మగారికి విసుగు. లివీన్యో కొత్తవాళ్ళకు నిజంగా మంచిది, పన్నుల మినహాయింపు ఉన్న ఊరు కాబట్టి సామాన్లూ చవక. అయితే అక్కడికి చేరడమే ఒక ప్రయాణం.

ఆల్పే ది స్యూసీ ఎందుకు

ఇది యూరప్‌లో అంత ఎత్తున ఉన్న పచ్చికమైదానాల్లో అన్నిటికంటే పెద్దది. దాదాపు 56 చదరపు కిలోమీటర్లు, ఎత్తు సుమారు 1,700 నుంచి 2,300 మీటర్ల వరకు. ఎండాకాలంలో ఆవులు మేసే బీడు, చలికాలంలో తెల్లటి అలల్లాంటి మెత్తటి వాలులు. నిటారు కొండలన్నీ చుట్టూ బొమ్మకట్టినట్టు నిలబడి ఉంటాయి (3,181 మీటర్ల సస్సోలుంగో ఎదురుగానే), మీరు మాత్రం నేలమీదే ఉంటారు. ఇటలీలో వాలులకు మూడే రంగులు: నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. ఇక్కడ నీలం రంగువి బోలెడు. కొత్తవాడికి కావలసింది అదే. మూడోరోజు మాస్టారు మిమ్మల్ని పట్టా మీంచి అసలు వాలుకు తీసుకెళ్ళినప్పుడు కిందికి చూస్తే గుండె జారకూడదు.

ఇక్కడొక మెలిక ఉంది. మైదానం మీదకు రెండు వైపుల నుంచి గొండోలాలు ఎక్కుతాయి. ఒకటి స్యూసీ ఊరి నుంచి, పావుగంటలో కంపాచ్ అనే చోట దింపుతుంది. స్కూలు, అద్దె దుకాణాలు, రబ్బరు పట్టాలు అన్నీ దిగగానే అక్కడే. రెండోది వాల్ గార్దేనా లోయలోని ఓర్తిజేయ్ అనే ఊరి నుంచి. ఫోటోల్లో కనిపించేది, అందరూ బుక్ చేసేది ఓర్తిజేయే. ఊరు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఆ గొండోలా మైదానం అంచున ఎత్తులో దింపుతుంది, అక్కణ్ణుంచి స్కీల మీద కిందికి దిగాలి. మొదటిరోజు మీవల్ల కాదు. కాబట్టి బస స్యూసీలోనో పక్కనే కాస్తెల్‌రొత్తోలోనో పెట్టుకోండి, ఓర్తిజేయ్‌కు ఒక సాయంత్రం వెళ్ళి రండి. మూడు వందల ఏళ్ళ పైబడిన చెక్కబొమ్మల పని ఆ ఊరిది. మన కొండపల్లి చూసినవాళ్ళకు ఆ దుకాణాల ముందు కాళ్ళు కదలవు.

సొంత కారు తెచ్చుకుంటే పగలు తొమ్మిది నుంచి ఐదు దాకా మైదానం మీదకు రానివ్వరు. గొండోలానే ఎక్కాలి. అందుకే గొండోలా స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగే హోటలో, ఉచిత స్కీ బస్సు గుమ్మం ముందు ఆగే హోటలో చూసుకోండి. స్కీ బూట్లతో అర కిలోమీటరు నడక మామూలు నడకలో ఐదు కిలోమీటర్లతో సమానం.

ఇంకో చిక్కు, పేర్లు. ఈ ప్రాంతం మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చింది, ఇప్పటికీ జనం ఎక్కువగా జర్మన్ మాట్లాడతారు. కాబట్టి స్యూసీ అన్నా జైస్ అన్నా ఒకటే ఊరు. కాస్తెల్‌రొత్తోనే కాస్టెల్‌రూట్. ఆల్పే ది స్యూసీనే జైసర్ ఆల్మ్. బోల్త్సానోనే బోట్సెన్. వాల్ గార్దేనాలో అయితే లదీన్ అనే మూడో భాష కూడా ఉంది కాబట్టి ఓర్తిజేయ్‌కు మూడు పేర్లు. మాతో వచ్చిన ఒకాయన హోటల్ ఒక పేరుతో, స్కూలు ఇంకో పేరుతో కనబడేసరికి రెండూ వేరే ఊళ్ళనుకుని హోటల్ క్యాన్సిల్ చేసేశాడు. రెండు పేర్లూ కాగితం మీద రాసి పెట్టుకోండి.

సెల్లారోండా సంగతి

సెల్లా అనే కొండల గుంపు చుట్టూ నాలుగు కనుమలు దాటుతూ ఒకే రోజులో తిరిగి బయలుదేరిన చోటికి వచ్చే చుట్టు అది. గార్దేనా, సెల్లా, పోర్దోయ్, కంపోలొంగో ఆ నాలుగు కనుమలు. లిఫ్టులతో కలిపి దాదాపు నలభై కిలోమీటర్లు, అందులో సుమారు ఇరవై ఆరు స్కీల మీద. గడియారం దిశలో వెళ్తే నారింజ రంగు గుర్తులు, ఎదురుదిశలో ఆకుపచ్చ. దారిలో చాలాచోట్ల ఎరుపు వాలులే. ఆగడం ఒక్కటే వచ్చినవాడు అక్కడ తనకూ ప్రమాదం, వెనక వచ్చేవాడికీ ప్రమాదం.

స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ళకు కూడా అది గడియారంతో పందెమే. పొద్దున్న పదిలోపు బయలుదేరాలి, ఆఖరి కనుమ మధ్యాహ్నం మూడున్నరకల్లా దాటాలి, ఎందుకంటే ఆ తర్వాత కాసేపట్లో లిఫ్టులు ఆగిపోతాయి. నా నాలుగో ఏడాది ఆ దారిలోని అరబ్బా అనే ఊళ్ళో భోజనం దగ్గర కబుర్లలో పడి కంపోలొంగో వైపు లిఫ్టు తప్పిపోయాను. స్కీలు భుజాన వేసుకుని టాక్సీలో రెండు కనుమలు చుట్టి వెనక్కి వచ్చేసరికి నూట ఇరవై యూరోలు. అంత ఖరీదైన భోజనం మళ్ళీ చెయ్యలేదు. మీ ఇంట్లోవాళ్ళకు మూడో ట్రిప్పులో కుదరవచ్చు. ఈసారికి కొండలే చూడాలనుకుంటే సెచేదా శిఖరానికి గొండోలాలో వెళ్ళి, ఫోటోలు దిగి, గొండోలాలోనే దిగండి.

సంక్రాంతి సెలవులు

నేను చెప్పే మాటల్లో అన్నిటికంటే డబ్బు మిగిల్చేది ఇదే. ఇటలీలో క్రిస్మస్ నుంచి జనవరి 6న ఎపిఫనీ పండుగ దాకా సెలవులు. హోటళ్ళు, లిఫ్ట్ పాసులు, అద్దెలు అన్నీ ఆకాశంలో ఉంటాయి. జనవరి 7 తర్వాత వాళ్ళ పిల్లలు బడికి వెళ్ళిపోతారు, కొండలు ఖాళీ అవుతాయి. ఫిబ్రవరిలో కార్నివాల్ సెలవులకు మళ్ళీ రద్దీ. ఈ మధ్యలో ఉన్న చవక కిటికీలో సరిగ్గా మన సంక్రాంతి సెలవులు పడతాయి! మీ పిల్లల స్కూలు నాలుగు రోజులే ఇస్తే ఇంకో మూడు రోజులు లీవు అడగండి. గాలిపటాలు ఒక ఏడాదికి ఆగుతాయి.

నష్టం లేకపోలేదు. జనవరి మధ్యలో చలి ఎక్కువ, పైన పొద్దున్న సున్నాకు పది పన్నెండు డిగ్రీలు కిందకు పోవడం మామూలు. పగలు చిన్నది, నాలుగున్నరకల్లా లిఫ్టులు బంద్. కానీ డోలమైట్స్‌లో ఎండ రోజులు బాగానే ఉంటాయి. మంచు పడకపోయినా ఫర్వాలేదు, దాదాపు అన్ని వాలుల మీదా యంత్రాలతో మంచు వేసి ఉంచుతారు. వెబ్‌క్యామ్‌లో చుట్టూ గడ్డి కనిపించి మధ్యలో తెల్లటి పట్టీ ఉంటే కంగారు పడకండి, స్కీకి ఆ పట్టీ చాలు.

చేరడం, వీసా

నేనైతే మ్యూనిక్ దాకా ఫ్లైట్, అక్కణ్ణుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వెళ్ళే యూరోసిటీ రైలు ఎక్కమంటాను. నాలుగు గంటల్లో బోల్త్సానో. అక్కడ స్యూసీ వైపు బస్సు, ముప్పావుగంట. ఇన్స్‌బ్రుక్ దాటాక రైలు కిటికీయే ఒక సినిమా. సరిహద్దు దగ్గర పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు అడగడం ఉంది, పెట్టె అడుగున పెట్టకండి. వెరోనా, వెనిస్‌లకు మంచి టికెట్ దొరికితే అవీ బాగుంటాయి, వెరోనా నుంచి బోల్త్సానోకు నేరుగా రైళ్ళున్నాయి.

కారు అద్దెకు తీసుకుంటే ఇండియా లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఇక్కడ చలికాలపు టైర్లో, గొలుసులో తప్పనిసరి. మంచులో నడపనివాళ్ళు మొదటిసారి ఈ కనుమల్లో నేర్చుకోవద్దని నా మనవి.

వీసాకు ఒక్క సూత్రం: ఎక్కడ దిగారన్నది కాదు, ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటారన్నదే లెక్క. మ్యూనిక్‌లో దిగి రెండు రాత్రులు ఉండి, ఇటలీలో ఏడు రాత్రులు ఉంటే ఇటలీ వీసాకే వెయ్యాలి. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45, సేవా రుసుము వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వెయ్యొచ్చు. పదిహేను రోజుల ముందు దాకా గడువు ఉంది కదా అని కూర్చోకండి, సెప్టెంబరు, అక్టోబరులోనే అపాయింట్‌మెంట్ పట్టుకోండి.

ఇన్సూరెన్స్ రెండు రకాలు, కలిపెయ్యకండి

వీసాకు అడిగే 30,000 యూరోల వైద్య బీమా ఒకటి. అందులో చలికాలపు ఆటలు ఉన్నాయో లేవో చదవాలి. చాలా పాలసీల్లో ఉండవు, విడిగా డబ్బు కట్టి చేర్పించుకోవాలి. కాలు విరిగితే స్లెడ్జి మీద కట్టి కిందికి దించేవాళ్ళు, అవసరమైతే హెలికాప్టర్ వస్తారు. బిల్లు కూడా వస్తుంది.

రెండోది, మీవల్ల ఎదుటివాడికి దెబ్బ తగిలితే కట్టే బీమా. ఇటలీలో 2022 జనవరి 1 నుంచి ఇది లేకుండా వాలు మీద స్కీ చెయ్యకూడదు. లిఫ్ట్ పాస్ కొనేటప్పుడు రోజుకు కొద్ది యూరోలు కలిపితే అక్కడే ఇస్తారు. అలాగే 2025 నవంబరు నుంచి హెల్మెట్ పిల్లలకే కాదు, అన్ని వయసులవాళ్ళకూ తప్పనిసరి. తాగి స్కీ చేస్తే కూడా జరిమానా, కారు నడిపేవాళ్ళ లాగే. మధ్యాహ్నం కుర్రాళ్ళు వేడివేడిగా తాగే పసుపుపచ్చటి "బొంబార్దీనో" చూసి పాలు అనుకోకండి, అందులో బ్రాందీ, గుడ్డు రెండూ ఉంటాయి.

లిఫ్ట్ పాస్ విషయంలో తొందరపడొద్దు. డోలోమీతి సూపర్‌స్కీ అనే పెద్ద పాస్‌తో పన్నెండు ప్రాంతాలు, 1,200 కిలోమీటర్ల వాలులు తిరగొచ్చు. రద్దీ రోజుల్లో పెద్దవాళ్ళకు రోజుకు 80 యూరోలు దాటుతుంది. మీకు మొదటి రెండు రోజులు కావలసింది వంద మీటర్లు! ఆ రోజులకు గొండోలా టికెట్, పట్టా టికెట్ చాలు. మూడోరోజు నుంచి ఏ పాస్ కొనాలో మాస్టారినే అడగండి, అబద్ధం చెప్పరు. చిన్నపిల్లలకు పెద్దవాళ్ళ పాస్‌తో పాటు ఉచిత పాస్ ఇచ్చే పద్ధతి ఉంది. బాబు వయసు రుజువుకు పాస్‌పోర్ట్ తీసుకెళ్ళండి.

బూట్లు. ఇక్కడ నేను ఎక్కువసేపు మాట్లాడతాను

స్కీయింగ్ మానేసినవాళ్ళలో సగంమంది భయంతో కాదు, బూట్ల నొప్పితో మానేస్తారని నా నమ్మకం. నేను మొదటిరోజు చలికి భయపడి రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసుకున్నాను. గంటలో కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండు మేజోళ్ళ వల్ల రక్తం ఆడక చలి ఇంకా ఎక్కువైంది. ఒకే జత, పల్చటిది, మోకాలి దాకా వచ్చేది. లోపలి ప్యాంటు బూటులోకి దూరకూడదు. దూరితే ఆ మడత మోకాలి కింద ముందు ఎముక మీద పడి సాయంత్రానికి కమిలిపోతుంది.

స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్ అన్నీ అద్దెకే తీసుకోండి, ముందే ఆన్‌లైన్లో బుక్ చేస్తే తగ్గింపు ఉంటుంది. క్లాసు మొదలయ్యే ముందురోజు సాయంత్రమే వెళ్ళండి, పొద్దున్న అందరూ వస్తారు. చాలా దుకాణాలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, అది చూసుకోండి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్ళు ముందుకు లైటుగా తగలాలి. మోకాళ్ళు వంచి ముందుకు వాలితే వేళ్ళు వెనక్కి వచ్చి, మడమ కదలకుండా ఉండాలి. చెప్పుల షాపులోలా "కొంచెం లూజుగా ఇవ్వండి" అనకండి. మనవాళ్ళ పాదాలు ముందు వెడల్పు, కాబట్టి "వెడల్పు పాదం" అని మాత్రం చెప్పండి, అలాంటి బూట్లు వేరే ఉంటాయి. వేసుకుని అక్కడే పది నిమిషాలు తిరగండి. మర్నాడు నొప్పెడితే సిగ్గుపడకుండా వెళ్ళి మార్చమనండి, ఏమీ అనుకోరు. మార్చడం వాళ్ళకు రోజువారీ పని.

దుకాణంవాడు మీ బరువు అడుగుతాడు. నిజం చెప్పండి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోయే బిగువు ఆ బరువు, ఎత్తు, వయసు లెక్కతోనే పెడతాడు. పదికిలోలు తగ్గించి చెప్పిన ఒకాయనకు ఊరికే నిలబడ్డా స్కీలు ఊడిపోయేవి. పెంచి చెప్తే ఇంకా ప్రమాదం, ఊడాల్సినప్పుడు ఊడక మోకాలు మెలి తిరుగుతుంది.

బట్టలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. లోపల నూలు వద్దు, చెమటకు తడిసి గడ్డకడుతుంది. పాలిస్టర్ గానీ మెరీనో ఉన్ని గానీ రెండు జతలు, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు. జీన్స్ ప్యాంటు సూట్‌కేసులోనే ఉండనివ్వండి. గ్లవ్స్ మాత్రం మంచివి కొనండి, పిల్లలకు రెండేసి జతలు. గాగుల్స్ తప్పనిసరి. మనవాళ్ళంతా చలి గురించి అడుగుతారు, ఎండ గురించి ఎవరూ అడగరు. మంచు అద్దంలా ఎండను తిరిగి ముఖం మీదకే కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల కింద కూడా రాయండి. మా అక్క కూతురు పెళ్ళి పది రోజుల్లో పెట్టుకుని గాగుల్స్ ఆకారం ముఖం మీద అచ్చేసుకుని వెళ్ళింది.

తిండి

హోటల్‌ను పొద్దున్న టిఫిను, రాత్రి భోజనం కలిపి తీసుకోండి, దాన్ని మెద్జా పెన్సియోనే అంటారు. బుక్ చేసేటప్పుడే మెయిల్లో మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా రాయండి. "వెజిటేరియన్" అంటే వాళ్ళ లెక్కలో గుడ్డు ఉంటుంది. పైన కొండమీద రిఫూజియో అనే భోజనశాలల్లో మీకు పనికొచ్చేవి: టమాటా సాస్ పాస్తా (ఎండిన పాస్తా అయితే గుడ్డు ఉండదు), పుట్టగొడుగులతో పొలెంతా, వేపిన బంగాళాదుంపలు, మార్గరీతా పిజ్జా. కనెదెర్లీ అనే రొట్టె ఉండల్లో గుడ్డు ఉంటుంది, ఎక్కువగా పంది మాంసం ముక్కలూ ఉంటాయి. బార్లీ సూపు పేరు చూసి మోసపోకండి, అందులోనూ వేస్తారు.

నేనైతే ఒక చిన్న డబ్బాలో కందిపొడి, ఒక సీసాలో మాగాయ పట్టుకెళ్తాను. సూపర్‌మార్కెట్లో బియ్యం, పెరుగు దొరుకుతాయి. అపార్ట్‌మెంట్ తీసుకుంటే కుక్కర్ మోసుకెళ్ళే వాళ్ళున్నారు, నేను ఒకసారి చేశాను. ఐదింటికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి పోపు పెట్టాలంటే ఏడుపొచ్చింది. ఎవరు వండాలో ఇంట్లో ముందే తేల్చుకుని అప్పుడు అపార్ట్‌మెంట్ బుక్ చెయ్యండి.

ఖర్చు

యూరో వంద రూపాయల దగ్గర అనుకుని, జనవరి మధ్య వారానికి, ఐదుగురికి నా అంచనా: మూడు నక్షత్రాల హోటల్ రెండు గదులు, రెండు పూటలా తిండితో మూడు నుంచి మూడున్నర లక్షలు. నలుగురికి స్కూలు, అద్దె సామాను, పాసులు కలిపి రెండు నుంచి రెండున్నర. ఫ్లైట్లు మూడు, మూడున్నర. వీసా, బీమా, రైళ్ళు, బట్టలు, పైన టీ కాఫీలు కలిపి లక్షన్నర. అంటే తొమ్మిదిన్నర నుంచి పదకొండు లక్షలు. చిన్న మొత్తం కాదు. క్రిస్మస్ వారమైతే హోటల్ ఒక్కటే సగం పైన పెరుగుతుంది. తగ్గించాలంటే స్కూలు రోజులు తగ్గించకండి. హోటల్ నక్షత్రం ఒకటి తగ్గించండి. హోటల్లో దిగేటప్పుడు మనిషికి రాత్రికి కొన్ని యూరోల పర్యాటక పన్ను విడిగా కట్టమంటారు, మోసం అనుకోకండి.

ఇక మీ అమ్మగారు. "ఆవిడ గదిలో కూర్చోవలసిందేనా" అని అడిగారు. ఆల్పే ది స్యూసీ చెప్పడానికి సగం కారణం ఆవిడే. నడిచేవాళ్ళకు గొండోలా టికెట్ వేరే అమ్ముతారు, స్కీలు అక్కర్లేదు. పైన మంచును చదును చేసి నడకదారులు వేస్తారు, గుర్రపు బళ్ళు తిరుగుతుంటాయి, చక్రాలకు బదులు కింద చెక్కలుంటాయి. ఎండ ఉన్న రిఫూజియో వసారాలో గొర్రెతోలు పరిచిన బెంచీల మీద కూర్చుంటే ఎవరూ లేవమనరు. మా అమ్మ అరవై ఎనిమిదో ఏట వచ్చింది. అడుగున పళ్ళున్న రబ్బరు తొడుగులు బూట్లకు తగిలించాను, ఊళ్ళో దుకాణాల్లోనే దొరుకుతాయి, మీ అమ్మగారికి కూడా మొదటిరోజే కొనండి. జారడం భయం పోయాక ఆవిడ రోజూ పదకొండుకల్లా పిల్లల క్లాసు తాడు అవతల నిలబడి, పడ్డవాళ్ళందరికీ తెలుగులోనే "లే నాన్నా, లే" అని చెప్తూ ఉండేది. నాలుగోరోజుకి మాస్టారు కూడా "లే నాన్నా" అనడం మొదలుపెట్టాడు.